మంచు సీజన్ ముగిశాకే మన్యానికి వెళ్లాలి

డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి సెలవులు అయ్యేదాకా విశాఖ మన్యం మీదికి జనం ఎగబడతారు. తెల్లవారుజామున నాలుగింటికే వంజంగి కొండ కింద బళ్లు బారులు తీరి ఉంటాయి. లంబసింగిలో రోడ్డు పక్కన చలిమంటలు, పాటలు, ప్లాస్టిక్ గ్లాసులు. అరకులో గది దొరకదు, దొరికినా అద్దె మామూలు రోజుల్లోలా ఉండదు. ఇంత అవస్థపడి వచ్చినవాళ్లు అడిగేది ఒకటే: మంచు పడిందా, మేఘాలు కిందికి దిగాయా? దిగితే ఫొటో, లేకపోతే నిట్టూర్పు. తొమ్మిదింటికి ఎండెక్కుతుంది, పదింటికల్లా తిరుగు ప్రయాణం.

ఆ రెండు గంటల తెల్లటి తెర కోసం కొండెక్కడం దండగ. తెర తీశాకే కదా ఆట మొదలయ్యేది. ఫిబ్రవరి మూడో వారం నుంచి ఉగాది వెళ్లిన వారం పది రోజుల దాకా మన్యంలో ఏడాది మొత్తం మీద ఎక్కువ రకాల పనులు ఒకేసారి నడుస్తాయి. పసుపు ఉడుకుతుంది, చింతపండు రాలుతుంది, కొండచీపుర్లు కోతకొస్తాయి, మిరియం పండుతుంది. వాన కలిసొస్తే కాఫీ పూస్తుంది. పంచాంగం ప్రకారం వసంతం చైత్రంతో మొదలవ్వాలి గానీ కొండల మీద చెట్లు అంతదాకా ఆగవు, మాఘం చివర్లోనే మొదలుపెడతాయి. కాకపోతే ఈ కాలానికి ఒక మెలిక ఉంది. కాఫీ పూతే కావాలంటే సెలవులు చూసుకుని కాదు, వాన చూసుకుని బయల్దేరాలి. అది చేతకాకపోతే డిసెంబరే మేలు. మంచైతే దాదాపు రోజూ పడుతుంది మరి.

ముందు ఏవి ఉండవో చెప్పుకుందాం, ఎందుకంటే ఈ కాలంలో వెళ్లి తిట్టుకుంటూ దిగేవాళ్లు వీటి కోసం వెళ్లినవాళ్లే. వలిసె పూల పసుపు తివాచీ ఉండదు, అది నవంబరు ముచ్చట. కటికి జలపాతం, తాటిగూడ జలపాతం సన్నబడిపోతాయి. వరి కోసేసిన మళ్లు బీడుగా ఉంటాయి, గెడ్డ (వాగు) నీళ్లు అందే చోట మాత్రమే రెండో పంటో కూరగాయలో పచ్చగా కనిపిస్తాయి. మార్చి మధ్యకి వచ్చేసరికి పోడు పొగ, అడవి మంటల పొగ కలిసి దూరపు కొండలు మసకబారతాయి. వ్యూపాయింట్ నుంచి ఏడు వరసల కొండలు చూద్దామనుకుంటే రెండో వరస దగ్గరే చూపు ఆగిపోతుంది. ఇది దగ్గరగా చూసే కాలం, దూరం చూసే కాలం కాదు. గాలికొండ దగ్గర కారాపి అరగంట నిలబడే బదులు ఏదో ఒక ఊరి చుట్టూ రెండు కిలోమీటర్లు నడిస్తే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక కాఫీ సంగతి. పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కింద 11 మండలాలున్నాయి. అనంతగిరి, అరకులోయ, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు ఊళ్లలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో అరబికా రకం కాఫీ పెంచుతారు. అదే చెట్టుకు మిరియం తీగ పాకిస్తారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పొడి ప్యాకెట్ గురించి అందరికీ తెలిసింది గానీ, ఆ మొక్క పూసేది ఏడాదికి కొద్ది రోజులేనని అరకు వెళ్లొచ్చినవాళ్లలోనే చాలామందికి తెలియదు.

పూమొగ్గలు వసంతంలో పుట్టవు. వానాకాలం వెళ్లి పగళ్లు కురచవుతున్నప్పుడే కొమ్మ మీద ఆకు మొదళ్లలో కడతాయి. నాలుగైదు మిల్లీమీటర్లు పెరిగి అక్కడ ఆగిపోతాయి. చలి నెలలు, పొడి నెలలు అలా నిద్రలోనే గడుపుతాయి. ఆ ఎద్దడి వాటికి కావాలి కూడా. నేల ఆరి మొక్క కొంత దప్పికపడితేనే తర్వాతి వానకి మొగ్గలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో, ఒక్కో ఏడు ఏప్రిల్‌లోనో, 25 నుంచి 40 మిల్లీమీటర్ల వాన ఒక్క విడతలో పడిందంటే మొగ్గ నిద్ర లేచినట్టే. మూడు నాలుగు రోజుల్లో సాగుతుంది, ఆకుపచ్చ పోయి పాలిపోతుంది, వాన పడ్డ ఎనిమిదో రోజుకో పదో రోజుకో తెల్లవారుజామున విచ్చుకుంటుంది. రెండు మూడు రోజులు తెల్లగా ఉండి గోధుమరంగుకి తిరిగి ఎండిపోతుంది. అంతే.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. వాన పడ్డ రోజుని సున్నా అనుకుంటే ఏడో రోజు రాత్రికల్లా కొండ మీద ఉండాలి, పదకొండో రోజు పొద్దున్న దాకా ఆగగలగాలి. నాలుగు రాత్రులు కుదరకపోతే ఎనిమిది, తొమ్మిది, పది ఎంచుకోవాలి. వాన పడిందో లేదో విశాఖలో ఆకాశం చూసి చెప్పలేం. ఈ కాలపు ఉరుముల వాన ఒక కొండని తడిపి పక్క కొండని వదిలేస్తుంది. జిల్లా సగటు అంకె వల్ల ఉపయోగం లేదు, మండలాలవారీ వర్షపాతం చూడాలి. అంతకంటే మంచి దారి, ముందే ఒక ఊళ్లో బస మాట్లాడిపెట్టుకుని ఆ ఇంటివాళ్లకి ఫోన్ చేయడం. “పూసిందా అయ్యా?” అని అడిగితే అప్పటికే ఆలస్యం. “మొగ్గ తెల్లబడిందా?” అని అడగాలి. తెల్లబడిందంటే రెండు మూడు రోజుల టైముంది, బ్యాగు సర్దుకోవచ్చు.

ఇందులో బెడిసికొట్టేవి కూడా ఉన్నాయి. వాన చాలీచాలక పడితే మొగ్గ సగం లేస్తుంది. రేకులు కురచగా, బిరుసుగా, కొంచెం పచ్చగా నక్షత్రాల్లా ఉండిపోతాయి, పూర్తిగా విచ్చుకోవు. అలాంటి పూత చూడ్డానికీ బాగోదు, కాయా సరిగా కట్టదు. పూసిన రోజునే మళ్లీ జోరు వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. పూత రాలాక రెండు మూడు వారాల్లోగా ఇంకో వాన పడాలి, లేకపోతే కట్టిన పిందె నిలవదు. నీళ్లున్న పెద్ద ఎస్టేట్లలో స్ప్రింక్లర్లు పెట్టి ఈ రెండు వానల్నీ తామే కురిపించుకుంటారు. మన్యంలో ఎకరం రెండెకరాల రైతుకు ఆ వసతి లేదు, మబ్బే దిక్కు. అందుకే మార్చిలో అక్కడ వాన గురించి మాట్లాడితే ఊసుపోని మాట కాదు, వచ్చే జనవరి ఆదాయం మాట. ఒక్క పెద్ద వాన బదులు మూడు చిన్న వానలు పడితే మూడు విడతల పూత వస్తుంది. మూడు విడతల పూత అంటే కాయ మూడుసార్లు పండుతుంది, ఏరడానికి అదే మొక్క దగ్గరికి మూడు నాలుగుసార్లు వెళ్లాలి, కూలి పెరుగుతుంది. పర్యాటకుడికి లాభం (ఒకటి తప్పినా ఇంకోటి అందుతుంది), రైతుకు నష్టం.

పూసిన కొమ్మని దగ్గరగా చూడండి. అడ్డంగా చాచిన కొమ్మ మీద ఆకులు జతలు జతలుగా ఉంటాయి. ప్రతి జత మొదట్లోనూ రెండు పక్కలా పూల గుత్తి. కణుపు కణుపుకీ తెల్లటి పట్టీ చుట్టినట్టు ఉంటుంది. ఒక్కో పువ్వుకి ఐదు రేకులు, కింద సన్నటి గొట్టం, వాసన మల్లెకి దగ్గర. కొమ్మ కొసన ఈ ఏడు వేసిన లేత భాగంలో పూలుండవు, మొదట్లో ముదిరిన భాగంలోనూ ఉండవు. కిందటి ఏడు పెరిగిన మధ్య భాగంలోనే ఉంటాయి. అది కనిపెడితే ఆ మొక్క కిందటి ఏడు ఎంత ఎదిగిందో, కత్తిరింపు సరిగా జరిగిందో లేదో మీకే తెలిసిపోతుంది. వాసన పొద్దున ఏడులోపు, మళ్లీ చీకటి పడే వేళ గుప్పుమంటుంది. ఎర్రటి ఎండలో వెళ్లి “ఏం వాసన రావట్లేదే” అంటే తప్పు పువ్వుది కాదు.

తోటలోకి అడగకుండా దిగకూడదు, పూలు తెంపకూడదు. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. ప్రతి పువ్వూ ఒక పండు, పండుకి రెండు గింజలు. కిలో కాఫీ గింజలు తయారవ్వడానికి దాదాపు ఆరు కిలోల పండు కావాలి. ఫొటో కోసం ఒక కొమ్మని వంచి వదిలితే రాలేవి ఎన్నో నేల మీద చూసి లెక్కపెట్టుకోవచ్చు. పూత మీద తేనెటీగలు ముసురుతాయి. వాటితో ఇబ్బంది లేదు, కదలకుండా నిలబడితే వాటి పనిలో అవి ఉంటాయి. రాతి చరియలకీ ఎత్తైన చెట్లకీ వేలాడే పెద్ద తేనెపట్టుల సంగతి వేరు. వాటి కింద సిగరెట్టు ముట్టించినా, చలిమంట పెట్టినా కొండ దిగేదాకా వెంటబడతాయి.

ఒకవేళ వాన పడలేదు, కాఫీ పూయలేదు. అప్పుడు వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. నా మటుకు పసుపు ఒక్కటి చాలు. జనవరి నుంచి మార్చి దాకా తవ్వుతారు. దుంపల్ని కొమ్ముల నుంచి విడదీసి, రెండు మూడు రోజుల్లోనే ఉడకబెడతారు. ఆలస్యమైతే కొమ్ము వాడుతుంది, రంగు చెడుతుంది. కొమ్ములు మునిగేదాకా నీళ్లు పోసి ముప్పావుగంట నుంచి గంటసేపు ఉడికిస్తే నురగ పొంగి, తెల్లటి ఆవిరితో పసుపు వాసన ఊరంతా పాకుతుంది. సన్నటి పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. అప్పుడు దించాలి. తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా విరిగి పొడైపోతుంది, ఎక్కువ ఉడికితే రంగు దిగిపోతుంది. ఈ రెండింటి మధ్య వ్యవధి కొద్ది నిమిషాలే, దాన్ని పసిగట్టేది చూపూ ముక్కూనే. తర్వాత పది పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టాలి. మరీ పలచగా పరిస్తే పైరంగు మాడుతుంది, అందుకని రెండు మూడు అంగుళాల మందాన పరిచి తిరగేస్తుంటారు. సాయంత్రం మంచుకు తడవకుండా కుప్ప చేసి కప్పేస్తారు. ఎండిన కొమ్ముని విరిస్తే టక్కున మోగాలి. మోగకపోతే ఇంకా పచ్చి ఉన్నట్టు, సంచికెత్తితే బూజు పడుతుంది. ఐదు కిలోల పచ్చి పసుపు ఇంత చాకిరీ చేశాక ఇంచుమించు కిలో అవుతుంది.

ఇదంతా టికెట్టు పెట్టి చూపించే వ్యవహారం కాదు, రోడ్డు పక్కనే నడుస్తుంది. ఆరబెట్టిన టార్పాలిన్లు సగం రోడ్డు మీదికి వచ్చి ఉంటాయి. హారన్ కొట్టి తీయించడం, అంచు తొక్కుకుంటూ పోవడం చేయకండి. అవతలి బండి పోయేదాకా ఆగితే అర నిమిషం పడుతుంది.

కొండచీపుర్లది ఇంకో రకం తొందర. వెన్ను లేత ఆకుపచ్చ దాటి గోధుమరంగులోకి తిరుగుతున్నప్పుడు కోయాలి. ముందు కోస్తే ఎండాక విరిగిపోతుంది, ఆలస్యం చేస్తే నూగు రాలి చీపురు బోసిగా తయారవుతుంది. చింతపండు దులపడం, పెంకు తీయడం, పిక్క తీయడం మార్చి అంతా సాగుతుంది. అడ్డాకులు, కుంకుడుకాయలు, తేనె కూడా ఈ రోజుల్లో సంతకి దిగుతాయి. గిరిజన సహకార సంస్థ, జనం నోట్లో జీసీసీ, 1956 నుంచి ఈ సరుకులు కొంటోంది. సంతలో మీరు చింతపండు కొంటే జీసీసీ ధరతో పోల్చి గీచి గీచి బేరమాడకండి. వ్యాపారులు చేసే ఆ పని మీరు కూడా చేయనక్కర్లేదు. ఒక్కో ఊళ్లో సంత వారంలో ఒక్కో రోజు. వెళ్లే ముందే కనుక్కుని, పొద్దున తొమ్మిదిలోపు అక్కడ ఉండాలి. మధ్యాహ్నం రెండయ్యేసరికి దూరపు ఊళ్లవాళ్లు లేచిపోతారు, మిగిలేది మైదానం నుంచి వచ్చిన ప్లాస్టిక్ బకెట్ల దుకాణాలే.

చెట్ల గురించి. బూరుగ ముందు పూస్తుంది, ఆకు రాల్చేసి ఒంటినిండా ఎర్ర పూలతో. దాని మీద మైనాల గోల వినిపించాక పైకి చూస్తారు, మామూలుగా మనం చెట్టు చూసేది అలాగే. ఆ తర్వాత కింది కొండల్లో మోదుగ. మార్చిలో కుసుమ చెట్టు లేత ఆకు వేస్తుంది, ఎర్రగా. దూరం నుంచి చూసి పువ్వు అనుకునేవాళ్లు చాలామంది. కంసాలి పిట్ట టుక్కు టుక్కుమని ఒకే తాళంలో కొడుతూనే ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో కూడా. దాన్ని కళ్లతో పట్టుకోవడం కష్టం, ఎండుకొమ్మ కొస వెతికితే దొరకొచ్చు.

ఇప్ప పూల కాలం కూడా ఇదే, మార్చి నుంచి ఏప్రిల్ దాకా, ఎక్కువగా తక్కువ ఎత్తు కొండల్లో. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఏరుకునేవాళ్లు బుట్టలతో చీకట్లోనే వెళ్తారు. అదే చీకట్లో ఎలుగుబంటి కూడా వస్తుంది, దానికి ఇప్పపువ్వంటే ప్రాణం. ఊరివాళ్లు గుంపుగా, మాట్లాడుకుంటూ, ఏ చెట్టు దగ్గర ఏముందో తెలిసి వెళ్తారు. మీరు కెమెరా పట్టుకుని ఒంటరిగా, చప్పుడు చేయకుండా వెళ్తారు. ఎలుగుకి అదే పనికిరాదు. దగ్గరికొచ్చేదాకా మనిషి అలికిడి తెలియకపోతే బెదిరి మీద పడుతుంది. తెల్లారాక, ఊరివాళ్లతోనే వెళ్లండి.

రాలిన పువ్వు కనబడాలని చెట్టు కింద ఎండాకుని కాలుస్తారు. ఆ నిప్పు అప్పుడప్పుడు చెయ్యిదాటి అడవికి అంటుకుంటుంది. పోడు కోసం పెట్టే నిప్పు సంగతీ అంతే. దీన్ని చూపించి “గిరిజనులే అడవి తగలబెడుతున్నారు” అని రిసార్టు మంట చుట్టూ కూర్చుని తీర్పులు చెప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేలంతా ఎండాకు, మధ్యాహ్నమైతే గాలి. జనవరిలో మంచు తడి మీద ఆరిపోయే నిప్పురవ్వ మార్చిలో ఆరదు. పోడుకి, ఇప్పకి నిప్పు పెట్టేవాళ్లకి బతుకుతెరువు అనే కారణం ఒకటుంది. క్యాంప్‌ఫైర్‌కి ఏ కారణమూ లేదు, రాత్రి చలికి దుప్పటి ఉంది. బస చేసే చోట “సాయంత్రం మంట వేస్తాం, ఫ్రీ” అంటే వద్దని చెప్పండి.

చలి మాటొచ్చింది కాబట్టి. ఫిబ్రవరి చివర్లో పగలు చొక్కా చాలు, రాత్రి స్వెటరు కావాలి. అరకు, పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఎత్తు వల్ల పగలు ఐదారు డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది, ఎందుకంటే మబ్బు లేని పొడి రాత్రి నేల త్వరగా చల్లారుతుంది, చల్లారిన గాలి బరువెక్కి లోయ అడుగుకి జారుతుంది. అందుకే లోయ అడుగున గెడ్డ ఒడ్డున వేసిన టెంట్ల కంటే కాస్త పైన వాలులో ఉన్న ఇళ్లలో రాత్రి వెచ్చగా ఉంటుంది. ఊళ్లన్నీ గెడ్డకి ఎడంగా, పైన ఎందుకు కట్టుకున్నారో చూస్తే తెలుస్తుంది. కట్టినవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. టెంట్ల యజమానులకే తెలియదు.

రైలా, రోడ్డా? కొత్తవలస–కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసింది. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది, బ్రాడ్‌గేజ్‌లో అంత ఎత్తు స్టేషన్లు దేశంలో తక్కువ. సొరంగాలు 50కి పైనే. రైలు ప్రయాణం బాగుంటుంది, అందులో మాటే లేదు. తగువంతా పొద్దున రైల్లో వచ్చి సాయంత్రానికి దిగిపోయే ఒక్కరోజు ప్యాకేజీతోనే. విశాఖలో పొద్దున ఏడుకి ముందే బయల్దేరే ప్యాసింజరు అరకు చేరేసరికి పదకొండు అవుతుంది, ఖనిజం బండ్లకి దారి ఇస్తూ పోతే ఇంకా ఆలస్యం. అప్పటికి కాఫీ వాసన పోతుంది, సంత సగం అయిపోతుంది, వెలుతురు చదునైపోతుంది. ఇక మ్యూజియం, పార్కు, చాపరాయి, బొంగులో చికెన్, తిరుగు బండి. వసంతంలో మన్యం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా నడుస్తుంది. ఆ రెండు పూటలూ కొండ మీద లేనివాళ్లు వెళ్లినా వెళ్లనట్టే. రైల్లో వెళ్లండి, కానీ రెండు రాత్రులు ఒకే ఊళ్లో ఉండండి. అరకు, పాడేరు, లంబసింగి మూడూ రెండు రోజుల్లో చుట్టేసేవాళ్లు చూసేది ముందు సీటు వెనక భాగం.

బస దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ స్థలం ఎవరిది? ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. 1970 నాటి ఆ రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదలాయించడం కుదరదు, గిరిజనేతరుల మధ్య కూడా కుదరదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిపరిచింది. అయినా బినామీ పేర్లతో, లీజు కాగితాలతో రిసార్టులు, టెంట్లు లేస్తూనే ఉన్నాయి. ఊరి మనిషి సొంతంగా రెండు గదులు ఇస్తే ఆ అద్దె ఊళ్లోనే ఉంటుంది. పొద్దున కాఫీ తోటలోకి తీసుకెళ్లేది కూడా ఆ మనిషే. ఇంకో కారణం నీళ్లు. చాలా ఊళ్లకి కొండ ఊట నుంచి పైపులో దిగే నీళ్లే ఆధారం. ఊట మార్చికల్లా సన్నబడుతుంది. ఇరవై టెంట్లకి షవర్లు నడిపేవాళ్లు అదే ఊట పైభాగాన పైపు వేస్తే కింద ఊరికి ఏం మిగులుతుంది? బకెట్టు నీళ్లతో స్నానం ముగించేవాళ్లే ఈ కాలంలో రావాలి.

ఈ వాదనకి ఎదురు వాదన లేకపోలేదు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఈ రోజుల్లోనే, పిల్లలున్న ఇళ్లు కదలవు. నిజమే, అందుకే ఖాళీగా ఉంటుంది. ఊరంతా పనిలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్లడం వాళ్ల పనికి అడ్డం కాదా అన్నది అంతకంటే గట్టి ప్రశ్న. అడ్డమే, వందమంది వెళ్తే. నలుగురు వెళ్లి, అడిగి, పక్కన కూర్చుని, చెయ్యి ఖాళీ అయ్యాక మాట్లాడితే కాదు. ఫొటో తీసే ముందు అడగాలి, ముఖ్యంగా ఆడవాళ్లని, పిల్లల్ని. అరకు పక్కన, ముంచంగిపుట్టు వైపు ఇళ్లలో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, కోదుల ఊళ్లలో కువి. తెలుగు చాలావరకు నడుస్తుంది గానీ ముసలివాళ్లకి మీ వేగం అందదు, నిదానంగా మాట్లాడాలి. డబ్బిచ్చి థింసా ఆడించుకోవడం నాకు నచ్చదు, నచ్చేవాళ్లుంటే వాళ్లిష్టం. ఈ కాలంలో పండగలు, పెళ్లిళ్లు ఉంటాయి, అక్కడ ఆడే థింసా ఎవరూ అడక్కుండానే నడుస్తుంది. పిలిస్తే వెళ్లండి.

చైత్రంలో వెళ్లేవాళ్లకి ఇటుకల పండగ తగులుతుంది. మగవాళ్లు వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్లని ఆపి డబ్బులు అడుగుతారు, పాటలు పాడతారు. కొత్తవాళ్లు భయపడి అద్దాలెక్కించుకుంటారు, కొందరు దారిదోపిడీ అని గోల చేస్తారు. పండగ మామూలు, అంతే. పది, ఇరవై నోట్లు ఒక కట్ట జేబులో ఉంచుకోండి, ఎందుకంటే ఒక్కో ఊరి దగ్గరా ఒక్కో కర్ర ఉంటుంది, ఐదొందల నోటుకి అక్కడ చిల్లర దొరకదు. ఫోన్‌లో చెల్లిద్దామంటే చాలా మలుపుల్లో సిగ్నలే ఉండదు.

దిగేటప్పుడు మాడుగుల ఘాట్ అయినా, అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు అయినా ఇంజను ఆపి న్యూట్రల్‌లో జారకండి. పెట్రోలు మిగిలేది చెంచాడు, బ్రేకులు కాలి పట్టు వదిలేది సగం దారిలో. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు, మామూలుగా రెండోది. బ్రేకు నొక్కిపెట్టి ఉంచకుండా, నొక్కి వదులుతూ రావాలి. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి, చక్రం మీద నీళ్లు పోయకూడదు, వేడి డిస్కు వంకరపోతుంది. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వడం నిబంధన. బరువుతో ఎక్కే లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం.